నిండుగా పోసిన కప్పు

నేను ఒక పిరికి కప్పును. పిరికితనం నా ఒక్కదాని జబ్బు కాదు, పింగాణీ జాతి మొత్తానిది. ఇత్తడి చెంబు కింద పడితే చొట్టపోతుంది, మళ్ళీ లేచి నీళ్ళు మోస్తుంది. మేం పడితే అంతే సంగతులు. అందుకే పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి చేతినీ, ప్రతి బల్ల అంచునూ అనుమానంగా చూస్తూ బతికాను. మనుషుల సంగతి నాకు తెలిసింది కూడా ఆ భయం వల్లే. ఎంత పెద్దమనిషైనా మొహాన్ని అదుపులో పెట్టుకోగలడు గాని, చెయ్యి వణికితే ముందు తెలిసేది చేతిలోని కప్పుకే కదా.

నన్ను అరబ్బీలో ఫింజాన్ అంటారు. మీ ఇళ్ళలోని టీ కప్పుకు ఉన్నట్టు నాకు చెవి ఉండదు. మూడు వేళ్ళ మధ్య ఇమిడిపోతాను. అంచుకు బంగారు గీత, ఒంటి మీద పచ్చ చుక్కలు. ఎడారి గుడారాల్లో నన్ను చూసినవాళ్ళు తాతల నాటి అరబ్బు కప్పు అని తెగ మురిసిపోయేవారు. నేను పుట్టింది మాత్రం మన దేశంలోనే, ఉత్తరాన ఖుర్జా అనే ఊరి పింగాణీ బట్టీలో. గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో సర్ది ఓడ ఎక్కించారు. ఓడ ఊగినప్పుడల్లా పెట్టెలో ఎవరో ఒకరు టిక్కుమనేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. రేవులో పెట్టె తెరిచేసరికి మాలో సగంమంది లేరు. మిగిలినవాళ్ళం రుబైదా రాజ్యానికి చేరాం. అక్కడి సరిహద్దు జిల్లాకు గవర్నరైన షేక్ ముహన్నా ఇంట్లో కాఫీకి కుదిరాం.

మరి తెలుగు ఎలా వచ్చిందంటారా? పోశెట్టి వల్ల వచ్చింది. ముహన్నా వంటింట్లో గిన్నెలు కడిగే మనిషి ఆయన, జగిత్యాల పక్క రేగుంట అనే ఊరు. సెల్‌ఫోన్లు ఇంకా రాని కాలం. ఆ వంటింట్లో తెలుగు వచ్చినవాడు మరొకడు లేడు. దాంతో మమ్మల్ని కడుగుతూ మాతోనే మాట్లాడేవాడు. భార్య నర్సవ్వ సంగతులు, కూతురి సంగతులు, బోరు ఎండిపోయిన సంగతి, అన్నీ మాకే చెప్పేవాడు. నర్సవ్వ తమ్ముడు లింబాద్రిని తానే వెంటబెట్టుకొని తీసుకొచ్చాడు. ఆ కుర్రాడికి సిద్రా బావి దగ్గర నీళ్ళ మోటారు చూసుకొనే పని దొరికింది. సిద్రా అంటే మరేం కాదు, మన రేగుచెట్టే. బావి పక్కన ఒకటి ఉండేది. దాన్ని చూసి వచ్చిన రోజు పోశెట్టి మొహం వెలిగిపోయింది.

"మా ఊరి పేరున్న చెట్టు గీడ గూడ ఉన్నదే," అని మాకు చెప్పుకొని నవ్వాడు.

గుడారంలో కాఫీ పోసే పని ఇద్రీస్ అనే సూడాన్ ముసలాయనది. సరిహద్దులో గొడవ మొదలయ్యే ముందు ఆయన సెలవు మీద ఊరికి వెళ్ళాడు. యుద్ధం వస్తుందేమోనన్న కబురు వినగానే తిరిగిరాలేనంత నడుంనొప్పి పట్టుకుందట. ఆ పని పోశెట్టి మెడకు చుట్టుకుంది. వెళ్ళేముందే ఇద్రీస్ ఆయనకు పద్ధతులన్నీ నేర్పాడు. కూజా ఎడమచేతిలో ఉండాలి, కప్పు కుడిచేత్తో ఇవ్వాలి. కప్పు అడుగున గుక్కెడు మాత్రమే పొయ్యాలి. అతిథి తాగాక మళ్ళీ గుక్కెడు, మళ్ళీ గుక్కెడు. ఎన్నిసార్లు పోస్తే అంత గౌరవం. ఒకేసారి నిండుగా పోశావో, 'ఇది తాగి లేచి వెళ్ళిపో' అన్నట్టే లెక్క. శత్రువుకు కూడా అలా పొయ్యరు.

ఈ మర్యాద పోశెట్టికి ఎన్నడూ మింగుడుపడలేదు. "గింత పెద్ద షేకులు, గుక్కెడు పోస్తరా? మా దిక్కు గరీబోడు గూడ గిలాస నిండ పోస్తడు," అని నన్ను తోముతూ సణిగేవాడు. అయినా చేతికి అలవాటు చేసుకున్నాడు. నెలల తరబడి తప్పు లేకుండా పోశాడు.

ఇద్రీస్ చెప్పిన మరో పద్ధతి కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే తిరిగింది. వచ్చిన అతిథి కాఫీ తాగకుండా కప్పును కింద పెడితే, అతనికి ఏదో కావాలని అర్థం. 'నీకేం కావాలి?' అని ఇంటాయన అడిగి తీరాలి. అడిగింది ఇస్తానంటేనే అతిథి కప్పు ముట్టుకుంటాడు. లేదంటే ఆ కాఫీ అలాగే చల్లారిపోతుంది, ఇంటాయన పరువు కూడా దాంతోపాటే పోతుంది. ఇలాంటి ఆచారాలున్న చోట మట్టితో పుట్టిన నాలాంటిదానికి నిద్ర ఎలా పడుతుంది చెప్పండి?

గొడవ సిద్రా బావిదే. బావికి ఇటు రుబైదా, అటు జల్హామ్ అనే మరో రాజ్యం. ఎప్పుడో గీసిన సరిహద్దు గీత బావికి ఏ పక్కనుంచి పోతుందో ఎవరికీ తెలియదు. తాతల కాలంలో రెండు వైపుల ఒంటెలూ అక్కడే నీళ్ళు తాగేవి, గీత సంగతి అవి పట్టించుకోలేదు. మోటారు బిగించాక మనుషులకు గీత గుర్తొచ్చింది. ఒకరోజు జల్హామ్ గస్తీ బండి వచ్చి, మోటారు దగ్గరున్న లింబాద్రిని ఎక్కించుకొని పోయింది. ఆ వారంలోనే రెండు వైపులా ఇసుక దిబ్బల మీద ఫిరంగులు లేచాయి. విమానాలు గుడారాల మీదుగా ఎంత కిందనుంచి పోయేవంటే, పళ్ళెంలో మేమంతా ఒకరికొకరం తగిలి గలగలమనేవాళ్ళం. నా పక్కనున్న తోటి కప్పుకు అంచు పగిలింది ఆ రోజుల్లోనే.

లింబాద్రి మీద గూఢచారి అని నేరం మోపారని కబురొచ్చింది. జల్హామ్‌లో గూఢచారికి ఒకటే శిక్ష. అది వినగానే పోశెట్టి చేతిలో సబ్బు జారిపోయింది. నేను జారిపోనందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆయన అదే తడిచేతులతో పరుగెత్తుకుంటూ పోయి ముహన్నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వచ్చీరాని అరబ్బీలో ఆ కుర్రాణ్ణి విడిపించమని బతిమాలాడు.

ముహన్నా భారీ మనిషి, మెత్తని గొంతు. చేతిలోని తస్బీహు, అంటే జపమాల, పూసలు తిప్పుతూ విన్నాడు.

"అతని పేరు నేను నోట అనలేను పోశెట్టీ," అన్నాడు చివరికి. "మా బావి దగ్గర మా మనిషిని పట్టుకున్నారు అంటే జల్హామ్ వాళ్ళు బావి మీద జరగబోయే చర్చలు వదిలి లేచిపోతారు. మీ బావి దగ్గర దొరికిన మనిషిని దయతో వదలండి అంటే, బావి వాళ్ళదని నేనే ఒప్పుకున్నట్టు. మా రాజు నా తల తీయిస్తాడు. వాళ్ళదీ ఇదే అవస్థ. ఊరికే వదిలితే బావి మాదని ఒప్పుకున్నట్టు. అతను ఎక్కడ దొరికాడో తేలేదాకా, అతను ఉన్నాడని కూడా మేమెవరం అనలేం."

పోశెట్టికి ఇందులో సగమే అర్థమైంది. కాని ఆ సగం చాలు. ఆ సాయంత్రం మమ్మల్ని కడుగుతూ ఏడ్చాడు. "నేనే తోల్కొచ్చిన పోరన్ని. ఆని అక్కకు ఏమని చెప్పాలె? మొకం ఎట్ల సూపియ్యాలె?" అని ఒక్కో కప్పునూ అడిగాడు. 

చర్చలకు రేగుచెట్టు పక్కన రెండు గుడారాలు వేశారు, ఒకటి వాళ్ళది, ఒకటి మాది. ఒకరోజు మా వాళ్ళు ఆతిథ్యం ఇస్తారు, మర్నాడు వాళ్ళు ఇస్తారు. మొదటిరోజు మాది. జల్హామ్ తరఫున వచ్చినాయన షేక్ ఫర్హూద్, వాళ్ళ రాజుకు పినతండ్రి వరస. సన్నగా, ఎండిన ఖర్జూరపు పండులా ఉంటాడు. నవ్వడు. ఆయన వెనక నలుగురు, ముహన్నా వెనక నలుగురు. అందరి నడుముల్లో కత్తులు. తుపాకులు గుడారం బయట వదిలేశామన్నారు గాని, ఆ బయట అనేది చెయ్యి చాపితే అందేంత దగ్గర.

పోశెట్టి కూజా పట్టుకొని వచ్చాడు. కప్పుల్లోంచి నన్ను తీశాడు. ఎందుకు నన్నే తీశాడో! ఫర్హూద్ ముందు వంగి పోయడం మొదలుపెట్టాడు. ఇద్రీస్ చెప్పిన కొలత వచ్చింది. ఆగుతాడనుకున్నాను, ఆగలేదు. కాఫీ నా నడుము దాటింది, పచ్చ చుక్కలు దాటింది. 'పోశెట్టీ, ఆపు!' అని నాకు నోరుంటే అరిచేదాన్ని. బంగారు గీత మునిగి, కాఫీ అంచు మీద ఉబ్బి నిలబడ్డాక గాని కూజా పైకి లేవలేదు. నేను పుట్టాక అంత నిండుగా ఎప్పుడూ లేను. ఆయన రెండు చేతులా నన్ను పట్టుకొని, మన ఊళ్ళలో పెద్దమనిషికి ఇచ్చినట్టు ఫర్హూద్‌కు అందించాడు.

 ముహన్నా మొహం సున్నం కొట్టినట్టయింది. జల్హామ్ వాళ్ళలో ఒకడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఫర్హూద్ నావంక చూశాడు. ఆయన వేళ్ళు వణికాయి. బయట నుంచి చూసినవాళ్ళు కోపమనుకున్నారు. నాకు తెలుసు, అది కోపం కాదు. కోపంతో వణికే చెయ్యి వేడిగా ఉంటుంది. ఆయన వేళ్ళు మంచులా ఉన్నాయి. ఎదురుగా కనిపిస్తున్న ఇసుక దిబ్బ మీద కందకంలో ఆయన మనవలు ఉన్నారని తర్వాత విన్నాను.

అవమానపడ్డవాడు కప్పు విసిరి కొట్టొచ్చు. అదే జరుగుతుందని నేను కళ్ళు మూసుకున్నంత పని చేశాను. ఆయన విసరలేదు. చుక్క ఒలకకుండా నన్ను తివాచీ మీద పెట్టాడు.

ఇక ముహన్నా అడిగి తీరాలి. అడిగాక ఫర్హూద్ 'బావి' అన్నాడంటే, ఇవ్వనంటే యుద్ధం, ఇస్తానంటే ముహన్నా తల. గుడారంలో ఉన్న ప్రతివాడూ ఆ ఒక్క మాట కోసం భయపడుతూ నన్నే చూస్తున్నాడు. అందరి మధ్య అంచుదాకా నిండి, ఒంటరిగా కూర్చున్నాను. తివాచీ మీద ఎవరి కాలో కదిలితే నా మీది కాఫీ కూడా కదిలేది.

"కాఫీ తాగు ఫర్హూద్," అన్నాడు ముహన్నా.  "నీకేం కావాలి?"

 ఫర్హూద్ గడ్డంతో పోశెట్టి వైపు చూపించాడు.

"ఈ కాఫీ పోసిన మనిషిని ఇవ్వు."

"ఇచ్చాను," అన్నాడు ముహన్నా.

మనిషిని ఇచ్చెయ్యడానికి అంత తక్కువ మాటలు చాలని నాకు అంతవరకూ తెలియదు. ఫర్హూద్ నన్ను ఎత్తి, చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు. అందరి ఊపిరీ ఒకేసారి బయటికొచ్చింది. పోశెట్టి ఒక్కడే ఏమీ అర్థంకాక కూజా పట్టుకొని నిలబడ్డాడు. జల్హామ్ మనుషులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నప్పుడు అర్థమైంది. 

అవమానం జరిగిన కప్పును పగలగొడతారని ఇద్రీస్ చెప్పేవాడు. ముహన్నా మనిషి ఒకడు నన్ను అందుకోబోయాడు.

"వద్దు," అన్నాడు ఫర్హూద్. "మనిషితో పాటు కప్పు కూడా."

ఆ విధంగా పోశెట్టి జేబులో పడి నేను సరిహద్దు దాటాను. ఏ గీతా కనిపించలేదు, ఇటు ఇసుకే, అటు ఇసుకే. జేబుకు ఆయన గుండె తగులుతూ ఉంది. అది కొట్టుకునే తీరుకు నేనే పగిలిపోతాననుకున్నాను. దారిపొడుగునా తనలో తాను గొణుక్కుంటూనే ఉన్నాడు.

"పోరడు ఆయన చేతుల ఉండె. గాయినకు అడుగుల ఇంత పోసి ఎట్ల ఇయ్యాలె? మనసొప్పలే. నిండ పోస్తే జర దయ తలుస్తడేమో అనుకున్న. గింతే నేను జేసింది."

అటువైపు వంటగుడారంలో ఆయన్ను కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉంది. లింబాద్రి ఆ వెనకే ఒక ఇనుప గదిలో ఉన్నాడని వంటవాళ్ళ మాటల్లో తెలిసింది. ఆ వైపుకు వెళ్ళనివ్వలేదు.

మర్నాడు ఆతిథ్యం జల్హామ్ వాళ్ళది. ముహన్నా వచ్చి కూర్చున్నాడు. ఫర్హూద్ పోశెట్టిని పిలిచి, అందరూ వినేట్టు చెప్పాడు.

"నిన్న నాకు ఎలా పోశావో, ఈరోజు ఆయనకూ అలాగే పొయ్యి."

నిండుగా పొయ్యడమంటే ఏమిటో ఇప్పుడు పోశెట్టికి తెలుసు. తెలిసి పొయ్యడం తెలియక పొయ్యడం కన్నా కష్టం. కూజా ముక్కు నా అంచుకు తగిలి టకటకలాడింది. వేడి కాఫీ ఆయన వేళ్ళ మీద పొర్లింది, ఆయన గమనించనే లేదు. నేను మళ్ళీ అంచుదాకా నిండాను.

ముహన్నా నన్ను చేతిలోకి తీసుకొని ఫర్హూద్ మొహంలోకి చూశాడు. ఇద్దరు ముసలివాళ్ళూ అలా చూసుకుంటూ ఉండిపోయారు. ఇద్దరి వెనకా ఉన్న కుర్రవాళ్ళు కత్తుల కోసం తడుముకుంటున్నారు. ఇది అవమానం కాదు, తాను కూడా ఒకటి అడిగే వీలు కల్పించడమేనని ముహన్నాకు అర్థమైంది; అది నాకు ఆయన వేళ్ళలో తెలిసింది, బిగిసిన వేళ్ళు వదులయ్యాయి. ఆయన నన్ను మెల్లగా కింద పెట్టాడు.

"నీకేం కావాలి ముహన్నా?" అన్నాడు ఫర్హూద్ వెంటనే. ఎదురు చూస్తున్నవాడిలా అన్నాడు.

అడిగేది ఒక్కటే అడగాలి. నిన్న ఇచ్చేసిన తన మనిషిని తిరిగి అడిగితే చెల్లుకు చెల్లు, ఎవరి పరువు వాళ్ళకు దక్కుతుంది. ముహన్నా చూపు పోశెట్టి మీదికి పోయింది. ఆయన నోరు తెరవబోతుండగా పోశెట్టి అడ్డంగా తల ఊపాడు. చిన్నగా, ముహన్నాకు తప్ప ఎవరికీ కనిపించనంత చిన్నగా.

"నన్ను గాదు సేటూ. పోరన్ని అడుగు," అన్నాడు పెదాల్లోనే, తెలుగులో.

ముహన్నాకు తెలుగు రాదు. అయినా తెరిచిన నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచినప్పుడు వేరే మాట వచ్చింది.

"మీ దగ్గర ఒక ఇండియా కుర్రాడు ఉన్నాడు. అతను ఎక్కడ దొరికాడని నేను అడగను, నువ్వు చెప్పకు. బావి మాట ఎత్తను. ఒక అతిథి ఒక ఇంటాయన్ను అడుగుతున్నాడు. అతన్ని ఇవ్వు."

"ఇచ్చాను," అన్నాడు ఫర్హూద్.

పేరు ఎత్తలేని మనిషిని గీత ప్రసక్తే లేకుండా ఇద్దరూ అలా బయటికి తెచ్చారు. ముహన్నా నన్ను ఖాళీ చేసి ముందుకు జరిపాడు. ఇసుక దిబ్బల మీద ఫిరంగులు మరుసటి వారానికి మూతులు దించాయి. బావి నీళ్ళు వంతులేసుకొని తోడుకోవాలని, గీత సంగతి తర్వాత చూసుకోవాలని ఒప్పందమైంది.

లింబాద్రిని గుడారం వెనకనుంచి తెచ్చారు. చిక్కిపోయి, వెలుతురుకు కళ్ళు చికిలిస్తూ వచ్చాడు. పోశెట్టిని చూసి ఆగిపోయాడు.

"బావా, నువ్వు ఈడున్నవేంది? మనోళ్ళ బండి దిక్కు పోదాం పా."

"నువ్వు పో బిడ్డా. నేను ఎనుక వస్త."

"ఎనుక అంటే ఎప్పుడు?"

"పో అన్ననా? ఎనుకకు మర్లి చూడకు. అక్కకు చెప్పు, బావ మంచిగున్నడని చెప్పు."

కుర్రాడు కదలకపోతే పోశెట్టే అతని వీపు మీద చెయ్యి వేసి తోశాడు. ఆ చెయ్యి తిరిగొచ్చి జేబులో నా మీద పడింది. బండి దుమ్ము కనిపించినంతసేపూ నన్ను గట్టిగా పట్టుకొనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు పోశెట్టి ధైర్యం చేసి ఫర్హూద్‌ను అడిగాడు, తనను ఎప్పుడు పంపుతారని. ఫర్హూద్ చెడ్డవాడు కాడు. అందుకే ఆయన మాట వింటే నాకు ఇంకా వణుకు పుట్టింది.

"నువ్వు ముహన్నా నాకు ఇచ్చిన బహుమతివి," అన్నాడు. "బహుమతిని తిప్పి పంపితే ఆయన మొహాన కొట్టినట్టు. మళ్ళీ తుపాకులు లేస్తాయి. కొన్నాళ్ళు ఓపిక పట్టు."

పోశెట్టి పాస్‌పోర్టు ముహన్నా ఇనప్పెట్టెలో ఉండిపోయింది. దాన్ని పంపితే, ఇచ్చిన మనిషిని మళ్ళీ అడుగుతున్నట్టు అవుతుందని ఆయనకూ భయం. రెండు రాజ్యాల శాంతికి అడుగున రేగుంట మనిషిని ఒకణ్ణి రాయిలా పెట్టారు. కదిపితే ఏం కూలుతుందోనని ఎవరూ ముట్టుకోలేదు. ఫర్హూద్ పోయాడు, ముహన్నా పోయాడు. తర్వాత వచ్చినవాళ్ళకు ఇంకా ఎక్కువ భయం.

పోశెట్టి కాఫీ పోస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు ఆయన చేతికి గుక్కెడు కొలత ఎప్పుడూ తప్పదు. కాని పొద్దు వాలేవేళ పని అయిపోయాక, నన్ను తీసుకొని సిద్రా బావి వైపుకు వచ్చి కూర్చొనేవాడు. నన్ను అంచుదాకా నింపేవాడు. తాగకుండా తన ఎదురుగా ఇసుకలో పెట్టేవాడు. పెట్టి, చేతులు ఒళ్ళో వేసుకొని కూర్చొనేవాడు. దారిన పోయే గస్తీ జవాన్లు చూసేవారు. ఆచారం వాళ్ళకు తెలియనిది కాదు. అడిగితే ఇవ్వాల్సి వస్తుందని, చూడనట్టు మొహం తిప్పుకొని పోయేవారు. కాఫీ మీద ఇసుక పొర పడేది. చీకటి పడుతుందనగా దాన్ని పారబోసి, నన్ను కడిగి, కండువా చెంగుతో తుడిచేవాడు.

మొదట్లో అక్కడ కూర్చొని నర్సవ్వతో, కూతురితో మాట్లాడేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ మాటలు తగ్గాయి. వాటిలో అరబ్బీ కలిసింది. ఒకరోజు కూతురి పేరు దగ్గర ఆగిపోయాడు. పొద్దు గుంకేదాకా వెతుక్కున్నాడు. మర్నాడు దొరికింది, ఆ రోజంతా ఆ పేరే అంటూ ఉన్నాడు.

ఆ తర్వాత జల్హామ్ రాజధానిలో మ్యూజియం కట్టారు. నన్ను తీసుకుపోవడానికి కోట్లు వేసుకున్నవాళ్ళు వచ్చారు. పోశెట్టి వాళ్ళను అడ్డుకోలేదు.

"జర ఉండున్రి. కడిగిస్త," అన్నాడు, వాళ్ళకు అర్థంకాని తెలుగులో. అంత సేపు నన్ను ఎప్పుడూ కడగలేదు.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో, మఖ్మల్ గుడ్డ మీద ఉన్నాను. కింద పలక మీద ఇద్దరు మహానుభావుల వివేకానికి గుర్తు అని రాశారు. కాఫీ పోసినవాడి ఊసు లేదు. బడి పిల్లలు వచ్చి చూసి ముక్కులు అద్దానికి ఆనిస్తారు. ఇక్కడ పడిపోతానన్న బెంగ లేదు, పగిలిపోతానన్న బెంగ లేదు. పింగాణీకి ఇంతకన్నా భద్రమైన చోటు ఉండదు.

అయినా నా భయం తీరలేదు. పొద్దు వాలేవేళకు నాలో ఏదో నిండుతున్నట్టు ఉంటుంది. నేను లేకపోయినా ఆయన ఏ గ్లాసో పెట్టుకొని అక్కడే కూర్చొని ఉంటాడు. ఎప్పటికైనా ఎవరో ఒకరు ఆయన ముందు ఆగి, 'నీకేం కావాలి పోశెట్టీ?' అని అడగకపోరు. అడిగేనాటికి ఆయన తన ఊరి పేరు మరిచిపోతాడేమోనని నా భయం. అందుకే అద్దాల వెనక కూర్చొని, ఆయన తరఫున రోజూ అనుకుంటూ ఉంటాను. రేగుంట, జగిత్యాల పక్క రేగుంట.